పిల్లలతో తెరచాప ఓడ చూడటానికి వెళ్తున్నారా? తాడు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: చెన్నైలో ఒక తెలుగు మీడియం ప్రైమరీ స్కూల్లో 4వ తరగతికి చెప్తున్నాను. నేవీ వాళ్ల తెరచాప ఓడ పోర్టుకు వస్తోందట. 3, 4 తరగతుల పిల్లల్ని తీసుకెళ్దామని మా హెచ్‌ఎం గారు అంటున్నారు. నలభై మంది దాకా అవుతారు. ఓడల గురించి నాకు తెలిసింది సున్నా. ముందు క్లాసులో ఏం చెప్పాలి? అక్కడ ఏం చూపించాలి? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? వచ్చాక ఏం రాయించాలి? ఆఖరి నిమిషంలో ప్రోగ్రాం క్యాన్సిల్ అయితే ఏం చేయాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు:

టెన్షన్ పడాల్సిందేమీ లేదు మేడమ్. నేనూ ఈ ఊళ్లోనే ప్రైమరీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా నాన్న కాకినాడలో సరంగు. అందుకని ఓడల మాటలు ఇంట్లోనే చెవిన పడ్డాయి, తర్వాత క్లాసుల్ని వెంటేసుకుని పోర్టుకు పోవడం అలవాటైంది. నలభై మందితో వెళ్లొచ్చు, బాగానే జరుగుతుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఓడ బరువెంత, పొడవెంత, ఎప్పుడు కట్టారు అనే లెక్కలతో మొదలుపెట్టకండి. తాడుతో మొదలుపెట్టండి. తెరచాప ఓడలో పిల్లలకు నిజంగా అర్థమయ్యేదీ, చేత్తో పట్టుకుని చూడగలిగేదీ అదొక్కటే. మిగతావన్నీ ఆ తాడు పట్టుకుంటే వాటంతట అవే వస్తాయి.

ముందు ఓడ సంగతి. నేవీ తెరచాప ఓడ అన్నారంటే అది ఐఎన్ఎస్ తరంగిణి అయినా అయ్యుండాలి, ఐఎన్ఎస్ సుదర్శిని అయినా అయ్యుండాలి. రెండూ గోవా షిప్‌యార్డులో కట్టినవే, రెండింటి మకాం కొచ్చిలోనే. తరంగిణి 1997లో నేవీలో చేరింది, సుదర్శిని 2012లో. నమూనా ఒకటే: సుమారు 54 మీటర్ల పొడవు, మూడు తెరచాప కొయ్యలు. ఆ కొయ్యల్ని నావికులు మాస్టులనే అంటారు. ముందు రెండు మాస్టులకూ అడ్డకొయ్యలుంటాయి, వాటికి చదరపు తెరచాపలు వేలాడతాయి. వెనక మాస్టుకు మాత్రం చాప నిలువుగా, ఓడ పొడవునా ఉంటుంది. సుదర్శినికి 20 తెరచాపలు. వాటిని ఆడించడానికి 7.5 కిలోమీటర్ల తాళ్లు, అవి కాక ఇంకో ఒకటిన్నర కిలోమీటర్ల ఉక్కు తాళ్లు. 54 మీటర్ల ఓడ మీద అంత తాడు! పిల్లలకు ఈ ఒక్క లెక్క చెప్పండి చాలు, మిగతా లెక్కలు వాళ్లకు గుర్తుండవు.

"ఇది పాతకాలం ఓడేనా మిస్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. ఒళ్లు ఉక్కు, లోపల ఇంజిన్ ఉంది, రాడార్ ఉంది. తెరచాపలు కట్టే పద్ధతి మాత్రం పాతది, 19వ శతాబ్దంలో సరుకులు మోసిన పెద్ద ఓడల పద్ధతి. యుద్ధనౌకల్లో మీటలు నొక్కాల్సిన కుర్రాళ్లను ముందు ఇలాంటి ఓడెక్కించి సముద్రం మీదికి ఎందుకు పంపుతారో కూడా చెప్పండి. గాలి ఎటు తిరుగుతోందో ఒంటికి తెలియాలి, పదిమంది ఒకే తాడును ఒకే క్షణంలో లాగడం రావాలి. తరంగిణి 2003-04లో ప్రపంచం మొత్తం చుట్టొచ్చింది. గోడ మీద మ్యాపుంటే ఆ మాట చెప్పేటప్పుడు ఒక పిల్లాణ్ని పిలిచి కొచ్చి దగ్గర వేలు పెట్టించి భూమి చుట్టూ తిప్పించండి.

నిజంగా పాత ఓడల బొమ్మలు చూపించాలనుకుంటే రెండు ఉన్నాయి. లండన్‌లోని గ్రీనిచ్‌లో కటీ సార్క్, 1869 నాటిది, చైనా నుంచి టీ మోసిన ఓడ. మనకు ఇంకా దగ్గరిది ట్రింకోమలీ. దాన్ని 1817లో బొంబాయి రేవులో, ఓడలు కట్టడంలో పేరున్న వాడియా కుటుంబం వాళ్లు మన టేకుతో కట్టారు. బ్రిటన్ యుద్ధనౌకల్లో ఇప్పటికీ నీటి మీద తేలుతున్న వాటిలో అన్నింటికన్నా పాతది అదే, ఇంగ్లండ్‌లో హార్ట్‌లీపూల్‌లో ఉంది. మరమ్మతులు జరిగినా మన టేకు చాలా వరకు రెండు వందల ఏళ్లుగా అలాగే నిలిచి ఉందని చెప్తే పిల్లల కంటే ముందు మన స్టాఫ్‌రూమ్ నోరు తెరుస్తుంది.

ఇక క్లాసు. వెళ్లే ముందు మూడు పీరియడ్లు దొరికితే చాలు, మూడింట్లోనూ చేతి పనే పెట్టండి.

మొదటి రోజు కప్పీ. గ్రామాల్లో అయితే నూతి దగ్గర చూసి ఉంటారు, చెన్నై పిల్లలకు బిల్డింగు కట్టేచోట తప్ప కనపడదు. హార్డ్‌వేర్ షాపులో రెండు చిన్న కప్పీలు కొనండి. ఒకటి కిటికీ ఊచకు వేలాడదీసి, తాడు వేసి, పుస్తకాలు నింపిన బకెట్‌ను లాగించండి. తాడు కిందికి లాగితే బకెట్ పైకి పోతుంది, కానీ బరువు తగ్గదు. రెండోసారి ఒక కప్పీని బకెట్‌కే కట్టి, తాడు చివరను పై ఊచకు ముడేసి లాగించండి. ఈసారి బరువు సగమే అనిపిస్తుంది, కాకపోతే తాడు రెండింతలు లాగాలి. 3వ తరగతి పిల్లలకు సూత్రం అక్కర్లేదు, "ఇప్పుడు తేలిగ్గా ఉంది కానీ ఎక్కువ లాగాల్సొచ్చింది మిస్" అని వాళ్లే అంటారు. ఓడ మీద ఎక్కడ చూసినా కప్పీలే. వీటిని చూసినవాళ్లు అక్కడ వాటిని ఇట్టే పసిగడతారు. అదే పీరియడ్‌లో బయట గ్రౌండ్‌లో లావు తాడొకటి పది మందికిచ్చి, రెండో చివర పాత టైరు కట్టి లాగించండి. ముందు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు లాగనివ్వండి. తర్వాత "హైలెస్సా" అంటూ ఆ "స్సా" దగ్గర అందరూ కలిసి లాగమనండి. తేడా వాళ్ల ఒంటికే తెలుస్తుంది. పని చేసేవాళ్లు పాట ఎందుకు పాడతారో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో రోజు గాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు. థర్మోకోల్ ముక్క ఓడ, చీపురు పుల్ల మాస్టు, కడిగిన ఆవిన్ పాల కవర్ కత్తిరిస్తే తెరచాప. టేబుల్ ఫ్యాన్ జోలికి పోకండి, నీళ్ల పక్కన కరెంటు మనకెందుకు. అట్టముక్కతో విసిరిస్తే చాలు. వెనక నుంచి విసిరితే ఓడ ముందుకు పోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఇప్పుడు పక్క నుంచి విసరమనండి. ఓడ పక్కకు కొట్టుకుపోతుంది లేదా బోర్లా పడుతుంది. అప్పుడు ఓడను తిరగేసి, అడుగున మధ్యలో గీత కోసి, విరిగిన ప్లాస్టిక్ స్కేలు ముక్కను నిలువుగా గుచ్చండి. తెరచాపను కాస్త ఏటవాలుగా తిప్పి మళ్లీ పక్క నుంచే విసరమనండి. ఈసారి ఓడ పక్కకు పోదు, ముందుకు జారుతుంది. తడి వేళ్ల మధ్య చింతగింజను నొక్కితే అది ముందుకు చిమ్ముకుపోయినట్టే. గాలి పక్కకు నెడుతోంది, అడుగున ఉన్న పలకను నీళ్లు పక్కకు జరగనివ్వడం లేదు, ఇక మిగిలింది ముందుకు పోవడమే. ప్రతిసారీ కుదరదు, రెండు మూడు సార్లు పుల్ల సరిచేసుకోవాలి. కుదిరినప్పుడు మాత్రం క్లాసంతా కేకలే.

"మరి ఎదురుగాలి వస్తేనో?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఎదురుగాలిలోకి నేరుగా ఏ తెరచాప ఓడా పోలేదు. కాస్త కుడికి, మళ్లీ కాస్త ఎడమకు, వంకర్లు తిరుగుతూ ముందుకు పోతుంది. చదరపు తెరచాపల ఓడలకు ఇది ఇంకా కష్టం, అవి బాగా పక్కకు తిరిగితే గానీ చాప గాలిని పట్టదు. గ్రౌండ్‌లో ముగ్గుపిండితో గీత గీసి పిల్లల్ని అలా నడిపించండి. పది అడుగుల దూరానికి ఎన్ని అడుగులు వేయాల్సొచ్చిందో లెక్కపెట్టుకుంటారు. ఒక్కోసారి ఓడలు రోజుల తరబడి ఎందుకు ఆలస్యమయ్యేవో అక్కడే తెలిసిపోతుంది.

మూడో రోజు కుట్టు. రెండు అట్టముక్కలు, అంచుల్లో చిల్లులు, కొబ్బరి తాడు లేదా ట్వైన్ దారం. మేకు, జిగురు, టేపు ఏవీ వాడకుండా రెండింటినీ ఒకటి చేయాలి. ఈ కుట్టుకూ చెన్నైకీ ఉన్న సంబంధం చెప్పడానికే ఈ పీరియడ్. ఇప్పుడున్న హార్బరు కట్టక ముందు మద్రాసుకు రేవే లేదు. ఓడలన్నీ దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకులూ మనుషులూ ఒడ్డుకు రావాలంటే విరిగిపడే అలల్ని దాటాలి. అందుకు వాడినవే మసూలా పడవలు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి కట్టేవాళ్లు, ఒక్క మేకు ఉండదు. మేకులు కొట్టిన గట్టి పడవ అల మీంచి ఇసుకలో పడితే పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి, సాగి, దెబ్బ కాచుకుంటుంది. పక్కనే కట్టుమరాల మీద, అంటే దుంగలు కట్టిన తెప్పల మీద, మనవాళ్లు ఉండేవాళ్లు, ఎవరన్నా నీళ్లలో పడితే తీయడానికి. తాటాకు టోపీలో ఉత్తరాలు తడవకుండా పెట్టుకుని ఓడ దాకా చేర్చేవాళ్లు కూడా వాళ్లే.

ఈ కుట్టు పని మళ్లీ వెలుగులోకి వచ్చింది. అజంతాలో 5వ శతాబ్దపు బొమ్మ ఒకదాన్ని చూసి కట్టిన కుట్టు ఓడ ఐఎన్ఎస్‌వీ కౌండిన్య 2025 మేలో కార్వార్‌లో నేవీలో చేరింది, అదే ఏడాది డిసెంబరులో పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు బయల్దేరింది. అది నీళ్లలో ఎలా నడుస్తుందో నమూనా పెట్టి పరీక్షించింది మన ఐఐటీ మద్రాసు ఓషన్ ఇంజనీరింగ్ వాళ్లే. గిండీ మీదుగా బస్సులో పోయే పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

మీ క్లాసులో రాయపురం, కాసిమేడు వైపు పిల్లలో, పులికాట్ దగ్గర తాతగారి ఊరున్న పిల్లలో ఉంటే, ఈ మూడు రోజులూ పాఠం సగం వాళ్ల చేతే చెప్పించండి. తాడుకు ముడులు వేయడం, లంగరు, వల, ఏ నెలలో గాలి ఎటు, ఇవన్నీ మనకంటే వాళ్లకు బాగా తెలుసు. మార్కుల్లో వెనకబడ్డ పిల్లాడు ఆ రోజు క్లాసుకు పెద్దన్న అవుతాడు. నేను కావాలనే ఈ అవకాశం కోసం చూసేదాన్ని.

ఇప్పుడు జాగ్రత్తలు. పోర్టు లోపలికి ఎవరు పడితే వాళ్లు పోలేరు, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లుంటారు. స్కూల్ లెటర్‌హెడ్ మీద పిల్లల పేర్లు, వెంట వచ్చే పెద్దల పేర్లు, వాళ్ల ఐడీ కార్డుల నంబర్లు, వ్యాను నంబరు, డ్రైవరు పేరు ముందే పంపాలి. ఏ గేటు నుంచి రావాలో వాళ్ల జవాబులో ఉంటుంది, ఆ కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. ఆ రోజు డ్రైవర్ మారితే చిక్కే, అందుకని రెండో డ్రైవర్ పేరు కూడా రాయండి. చెన్నైలో నేవీకి తమిళనాడు-పుదుచ్చేరి ఏరియా హెడ్‌క్వార్టర్స్ ఉంది, ఓడ సందర్శన ఉత్తరప్రత్యుత్తరాలు వాళ్లతోనే. రాజాజీ సాలైలో కంటెయినర్ లారీలు నిలబడ్డాయంటే గంట పోయినట్టే, పొద్దున్నే బయల్దేరండి. పోర్టులో ఫొటోలకు ఆంక్షలుంటాయి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ముందే చెప్పేయండి, లేకపోతే "మా బాబు ఫొటో ఏదీ?" అని సాయంత్రం దాకా మెసేజ్‌లే.

రేవు గట్టు మీద నీడ ఉండదు. ఉదయం పదిలోపు ఓడెక్కేలా చూసుకోండి. టోపీకి గడ్డం కింద తాడో రబ్బరో ఉండాలి. చెప్పులు వద్దు, బూట్లు, లేసులు బిగించి. గౌన్లు, పావడాలు వద్దు. ఓడలో మెట్లు దాదాపు నిచ్చెనలే, దిగేటప్పుడు మెట్ల వైపు ముఖం పెట్టి దిగాలి. స్కూల్లో ఏదన్నా నిచ్చెన ఉంటే ముందే దిగడం అలవాటు చేయించండి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, వాటర్ బాటిల్ భుజాన ఉండాలి. బాత్రూం పని స్కూల్లోనే ముగించి రండి, ఓడలో నలభై మందికి అది కుదరదు. పది మందికొక పెద్ద, ఆ పది మందిలో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో ముందు రోజే రాసిపెట్టుకోండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఓడను గట్టుకు కట్టిన లావు తాళ్లకు ఎవరూ దగ్గరగా నిలబడకూడదు, దాటకూడదు, గట్టు మీది ఇనుప గుంజల మీద కూర్చోకూడదు. ఆ తాళ్లు ఓడనంతా లాగి పట్టుకుని ఉంటాయి. బిగుసుకున్న తాడు తెగితే వెనక్కి కొట్టే దెబ్బకు పెద్దవాళ్ల కాళ్లే విరుగుతాయి. మా నాన్న ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ క్షమించేవాడు కాదు. మీరు దూరం నుంచే ఆ తాళ్లను చూపించండి, ఎందుకంటే వాటి మీద ఒక తమాషా ఉంటుంది: మధ్యలో పళ్లెం లాంటి గుండ్రటి రేకులు గుచ్చి ఉంటాయి. ఎందుకో చెప్పమని పిల్లల్నే అడగండి. అలంకారమంటారు, యాంటెన్నా అంటారు. గట్టు మీది ఎలుకలు తాడు పట్టుకుని ఓడెక్కకుండా అని చెప్పగానే అందరి కళ్లూ ఎలుకల కోసం వెతుకుతాయి.

ఓడెక్కాక ఏం చూపించాలి? నావికులు మిమ్మల్ని ఒక వరుసలో తిప్పుతారు: ముందు భాగం, చుక్కాని చక్రం, గంట, వంటగది, పడుకునే చోటు. అది వాళ్ల పద్ధతి, బాగానే ఉంటుంది. మీరు మాత్రం వాళ్లను ముందే ఒకటి అడగండి: ప్రతి గుంపుకూ ఒక తాడు చూపించమనండి. మాస్టు అడుగున, ఓడ అంచుల వెంట చెక్క పట్టీలుంటాయి, వాటిలో నిలువుగా గూటాలు గుచ్చి ఉంటాయి, ప్రతి గూటానికీ ఒక తాడు ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి ఉంటుంది. ఒక గుంపు ఒక గూటం దగ్గర నిలబడి, ఆ తాడు ఎటు పోతోందో కళ్లతో వెతకాలి. పైకి పోతుంది, కప్పీలో దూరుతుంది, అడ్డకొయ్య చివర దాకా పోతుంది, అక్కడ తెరచాప మూలకు కట్టి ఉంటుంది. పది నిమిషాలు పడుతుంది. పిల్లలు మెడలు వంచి, వేళ్లు చూపించి, "కాదు, అది వేరే తాడు!" అని కొట్లాడుకుంటారు. మిగతా సందర్శనంతా ఒకెత్తు, ఆ పది నిమిషాలు ఒకెత్తు.

ఒకసారి మా క్లాసు పిల్ల ఒకతి చాలాసేపు ఆ గూటాల వరుసనే చూసి, పక్కనున్న నావికుణ్ని తెలుగులోనే అడిగేసింది. అదృష్టం కొద్దీ ఆయనది శ్రీకాకుళం వైపు. "అంకుల్, అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, పేర్లు కూడా రాయలేదు. ఏది ఏదో మీకెలా తెలుస్తుంది?" ఆయన వంగి ఒక గూటం మీద ఆ పిల్ల చెయ్యి పెట్టించాడు. "కళ్లు మూసుకో పాపా. ఇక్కడి నుంచి లెక్కపెట్టు. మూడోది ఎప్పుడూ మూడోదే. రాత్రి వానలో ఏం కనపడదు, చేత్తోనే తెలుసుకోవాలి." ఆ తర్వాత మా వాళ్లంతా కళ్లు మూసుకుని గూటాలు తడుముతూ నడవడం మొదలుపెట్టారు, వాళ్లను ఓడ దించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మిగతావి టూకీగా. గంట దగ్గర ఆగండి: పాత పద్ధతిలో నాలుగు గంటల డ్యూటీ, అరగంటకొకసారి గంట, ఒక్కో దెబ్బ పెరుగుతూ ఎనిమిది దెబ్బలయ్యేసరికి డ్యూటీ మారుతుంది. ఓడ గంటతో టైము చెప్పే లెక్క 4వ తరగతి పిల్లలకు మంచి ఆట. అడ్డకొయ్యల కింద వేలాడే తాడు మీద నిలబడి తెరచాప మడుస్తారని చూపించండి, అందుకు ఇప్పుడు నడుముకు బెల్టు కట్టుకుంటారని కూడా చెప్పండి. మంచినీళ్లు ఎంత పొదుపుగా వాడతారో నావికుల చేతే చెప్పించండి, మనం చెప్తే వినరు.

వచ్చాక గ్రౌండ్‌లో ఒక ఆట. ఓడ వేగాన్ని నాట్లలో (ఇంగ్లీషులో నాట్ అంటే ముడి) ఎందుకు చెప్తారంటే పాతకాలంలో ముడులు వేసిన తాడును నీళ్లలోకి వదిలి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవాళ్లు. ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. గ్రౌండ్‌కు సరిపడా దీన్ని సగం చేయండి: 30 మీటర్ల తాడు, ప్రతి 7 మీటర్ల 20 సెంటీమీటర్లకు ముడి, 14 సెకన్లు. ఒకడు తాడు చివర పట్టుకుని నడవాలి, ఇంకొకడు ఉండను చేతిలో పెట్టుకుని వదలాలి, మూడో వాడు ఫోన్‌లో టైము చూడాలి. మామూలు నడకకు రెండు నాట్లు దాటుతాయి.

క్యాన్సిల్ అయితే? అవుతుంది. ఓడలు వాన వల్లనో, ఇంకే పని వల్లనో తేదీలు మారుస్తాయి. నేవీ డే డిసెంబరు 4, ఆ రోజుల్లో ఓడలు పిల్లలకు చూపించడం మామూలే, కానీ అది మనకు తుఫాన్ల కాలం. పాత మద్రాసులో అక్టోబరు మధ్యలో సెయింట్ జార్జి కోట మీద జెండా దించేసేవాళ్లు, అంటే ఓడలన్నీ ఇక్కణ్నుంచి వెళ్లిపొమ్మని. 1746 అక్టోబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచివాళ్ల ఓడలు చాలా వరకు ఇక్కడే తుఫానులో దెబ్బతిన్నాయి. 1881 నవంబరు తుఫాను, కడుతూ ఉన్న హార్బరు గోడల్నే పడగొట్టింది. తేదీ మారితే ఈ కథలు చెప్పడానికి అదే సమయం.

ఆ రోజుకు వేరే చోటు కావాలంటే కోట మ్యూజియం, ఎగ్మూర్ మ్యూజియం రెండూ శుక్రవారం మూసి ఉంటాయని గుర్తుంచుకోండి. మెరీనా లైట్‌హౌస్ ఎక్కితే దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. ఎగ్మూర్‌లో అమరావతి శిల్పాలు చూపించి, ఆ కాలంలో ఏలిన సాతవాహనులు నాణేల మీద రెండు మాస్టుల ఓడ ముద్రించారని నాణెం ఫొటో చేతికివ్వండి. కోరమాండల్ తీరంలో దొరికిన నాణేలవి. నాణెం మీది ఓడకు ఎన్ని తాళ్లున్నాయో పిల్లలు లెక్కపెడతారు, నన్నడిగితే ఆ బొమ్మ గీసినవాడు ఓడ ఎక్కినవాడే.

పెద్ద క్లాసు పిల్లలైతే మన తెలుగు తీరంలోని పాత రేవు మోటుపల్లి కథ కూడా చెప్పండి. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ అంతకు ముందు రాజులు లాక్కునేవాళ్లట. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనం వేయించి, ఇకమీద నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని వర్తకులకు అభయమిచ్చాడు. "మీ ఊరి ఒడ్డుకు ఓడ కొట్టుకొస్తే సరుకు ఎవరిది?" అని అడిగి వాదన పెట్టించండి. నా క్లాసులో ఈ వాదన లంచ్ బెల్ దాటి నడిచింది, దొరికినవాడిదే అనే పార్టీ ఎప్పుడూ పెద్దదే.

ఇంకా ఆఖరిది, ఏం రాయించాలి. "నేను చూసిన ఓడ" అని పది వాక్యాల వ్యాసం మాత్రం వద్దు. "ఓడ చాలా పెద్దది. ఓడ చాలా బాగుంది" అని నలభై నోటుబుక్కులు ఒకేలా వస్తాయి, మీరు వాటికి ఎర్ర ఇంకు టిక్కులు పెడుతూ కూర్చోవాలి. దాని బదులు ఏ4 కాగితం మీద వాళ్ల గుంపు వెతికిన తాడు దారి గీయించండి, గూటం నుంచి తెరచాప దాకా, మధ్యలో కప్పీలతో సహా. పక్కన మూడు వాక్యాలు: ఎవరు లాగుతారు, లాగితే ఏమవుతుంది, ఎప్పుడు లాగాలి. తప్పులుంటే మీరు దిద్దకండి, అదే గుంపులో మిగతా వాళ్లను దిద్దమనండి. తెలుగు పేర్లే రాయాలని పట్టుబట్టకండి. మాస్టు, డెక్ అని నావికులు అన్నట్టే రాస్తే రాయనివ్వండి, తెరచాప, చుక్కాని, లంగరు, కప్పీ అయితే వాళ్లకు ఎలాగూ వచ్చేస్తాయి.

ఆ బొమ్మల్లో మంచివి పది ఏరి, వెనక తలా ఒక ప్రశ్న రాయించి, ఓడ కెప్టెన్ గారికి పంపండి. ఓడ రేవులో రెండు మూడు రోజులకు మించి ఉండదు, అందుకని మర్నాడు మొదటి పీరియడ్‌లోనే రాయించి, మీకు అనుమతి ఇచ్చిన ఆఫీసులోనే మధ్యాహ్నంలోగా ఇచ్చేయండి. కవర్ మీద స్కూలు చిరునామా స్పష్టంగా రాయడం మర్చిపోకండి, జవాబులు వస్తాయి.